ముందు నివాలా, తర్వాత పరహేజ్

మన ఇళ్లల్లో షుగర్ లేని దస్తర్‌ఖాన్ దొరకడం కష్టమైపోయింది. అమ్మీ ఇన్సులిన్ తీసుకుంటోందంటే ఎవరూ తల తిప్పి చూడరు. అదే మా బిల్లీకి ఇన్సులిన్ ఇస్తున్నామని చెప్పండి, వచ్చిన మెహమాన్ చాయ్ ప్యాలీ కింద పెట్టేస్తాడు. "బిల్లీకు బీ షుగర్ ఆతా క్యా జీ?" అని ముందు ఒక నవ్వు. నవ్వయ్యాక అసలు మాట వస్తుంది. "ఇన్సానాంకు దవా నై మిల్రీ, తుమ్ బిల్లీకు సూయాం దేరైం?" మనుషులకే మందు దొరకని దునియాలో పిల్లికి సూదులేంటి, ఇది ఇస్రాఫ్ కాదా అని.

మా నూరీకి 13 ఏళ్లు. షుగర్ ఉంది, గుర్దాల బీమారీ ఉంది, రెండిటినీ మించి తిండి మీద మనసు లేకపోవడం ఉంది. కాబట్టి ఈ సవాల్ నేను చాలాసార్లే విన్నాను. గుస్సా రాదు. అడగాల్సిన సవాలే, జవాబు చెబుతాను. కానీ దానికంటే ముందు ఇంకో సంగతి. బిల్లీకి ఖర్చు పెట్టడానికి రాజీ అయిన ఇళ్లలో కూడా, పరహేజ్ పేరు చెప్పి దాన్ని ఆకలితో ఉంచేస్తున్నారు. ఖర్చు గురించి వాదించేవాళ్లు దొరుకుతారు గానీ దీని గురించి ఎవరూ మాట్లాడరు.

బిల్లీలకు షుగర్ వస్తుంది. ఇంట్లోనే పడుండి, బరువెక్కి, వయసు మీదపడ్డవాటికి మరీనూ. మనుషుల్లో టైప్ 2 అంటామే, చాలావరకు ఆ తరహాదే. గుర్దాలు పాడవడం కూడా ముసలి బిల్లీల్లో మామూలే. చిక్కెక్కడంటే రెండు బీమారీలకూ పైకి కనబడే నిషానీలు ఒకటే. నీళ్లు ఎక్కువ తాగడం, పేషాబ్ ఎక్కువ పోవడం, సన్నబడటం. ఒకటి ఇంకోదాని చాటున దాక్కుంటుంది. రక్తంలో క్రియాటినిన్ పెరిగినట్టు తెలిసేసరికి గుర్దాల తాకత్‌లో దాదాపు నాలుగింట మూడు వంతులు పోయి ఉంటుంది. అందుకే షుగర్ తేలిన ముసలి బిల్లీకి గుర్దాల పరీక్ష కూడా అప్పుడే చేయించమని అడగండి.

ఒక ఫరక్ మాత్రం గుర్తుపెట్టుకోవాలి. వట్టి షుగర్ ఉన్న బిల్లీకి భూక్ ఎక్కువ. గిన్నె నాకేసి, ఇంకా పెట్టమని కాళ్లకు చుట్టుకుంటుంది. అలాంటిది తినడం మానేసిందంటే లోపల ఇంకేదో నడుస్తోంది. గుర్దాలు కావచ్చు, పాంక్రియాస్ వాపు కావచ్చు, పంటి నొప్పి కావచ్చు, అన్నిటికంటే ఖతర్‌నాక్, కీటోన్లు పెరగడం కావచ్చు. "నఖ్రే కర్రీ" అని వదిలేసే విషయం కాదిది. మనం ఒక రోజా ఉంటే మగ్రిబ్‌కు ఖజూర్‌తో లేస్తాం. బిల్లీ శరీరం అలా కాదు. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు కరిగి జిగర్‌లోకి చేరుతుంది, అదే దాని ప్రాణం తీయొచ్చు. షుగర్ ఉన్నది ఒక్క రోజు పూర్తిగా తినకపోయినా డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిందే.

ఇక పరహేజ్ పేచీ. షుగర్ ఉన్న బిల్లీకి ప్రోటీన్ ఎక్కువ, కార్బోహైడ్రేట్ తక్కువ ఉండే ఖురాక్ పెట్టమంటారు. గుర్దాల బీమారీ ఉన్నదానికి ఫాస్ఫరస్ తగ్గించి, ప్రోటీన్ కూడా అదుపులో పెట్టమంటారు. ప్రోటీన్ తగ్గిన చోటికి కొవ్వో, కార్బోహైడ్రేటో వచ్చి కూర్చోక తప్పదు. ఒక బీమారీకి దవా అయిన ఖురాక్ ఇంకో బీమారీకి దుష్మన్. రెండు రకాల డబ్బాలూ కొనుక్కొస్తాం, బేగం సాహెబా రెండిటినీ వాసన చూసి మూతి తిప్పుకుని పోతుంది. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట: "ఆకలేస్తే అదే తింటుందిలే, ఇంకేం పెట్టొద్దు."

ఈ మాటతోనే నా పేచీ. ఫాస్ఫరస్ ఎక్కువైతే దాన్ని పట్టి ఉంచే పొడి ఉంది, తిండిలో కలిపి పెడతారు. షుగర్ పెరిగితే ఇన్సులిన్ సర్దుతారు. ఖాళీ కడుపును సర్దే దవా ఏదీ లేదు. కాబట్టి ఈ మూడూ కలిసి వచ్చిన బిల్లీకి, అది తినే ఖురాకే మంచి ఖురాక్. తినడం నిలదొక్కుకున్నాక, పాత ఖురాక్‌లో కొత్తది చెంచా చెంచా కలుపుతూ మెల్లగా మార్చుకోవచ్చు. ముందు నివాలా లోపలికి పోవాలి. పుస్తకంలో పరహేజ్ ఎంత అందంగా రాసి ఉన్నా గిన్నెలో ఎండిపోతే అది ఎవరికి పనికొచ్చినట్టు?

మా ఖాలాకూ షుగరే. నూరీ ముందు మూడు రకాల గిన్నెలు పెట్టడం చూసి, "ఇస్కూ పూఛ్‌కే దేరైం, హమ్‌నా కోయీ పూఛా క్యా?" అంది. దాన్ని అడిగి పెడుతున్నారు, మమ్మల్ని ఎవరన్నా అడిగారా అని. అందరం నవ్వాం. ఇళ్లల్లో ముసలివాళ్ల పళ్లేలు ఎలా ఉంటున్నాయో ఆ ఒక్క మాటలో ఉంది. అది ఇంకోసారి రాయాల్సిన సంగతి.

భూక్ తిరిగి రావాలంటే అది ఎందుకు పోయిందో వెతకాలి. గుర్దాలు పాడైన బిల్లీకి ఎప్పుడూ కడుపులో తిప్పుతూ ఉంటుంది. పెదాలు నాక్కోవడం, చొంగ కార్చడం, గిన్నె దాకా వచ్చి వెనక్కి పోవడం, ఇవి దాని నిషానీలు. వాంతి తగ్గించడానికి మారోపిటాంట్, ఆన్‌డాన్సెట్రాన్ లాంటివి, భూక్ పెంచడానికి మిర్టాజపిన్ డాక్టర్లు రాస్తారు. గుర్దాలు బలహీనంగా ఉంటే మిర్టాజపిన్ రోజూ కాకుండా గడువు ఇచ్చి ఇస్తారు, అందుకే సొంత హిక్మత్ పనికిరాదు. ఆకలి పుట్టిస్తుందని ఎవరన్నా స్టెరాయిడ్ ఇవ్వబోతే దీనికి షుగర్ ఉందని ముందే చెప్పండి, స్టెరాయిడ్ షుగర్‌ను పైకి తోస్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా తినబుద్ధి కాదు. చర్మం కింద సెలైన్ లాంటి ద్రావణం ఎక్కించడం డాక్టర్ నేర్పిస్తే ఇంట్లోనే చేయొచ్చు. ఇంకా చిన్న చిన్న సంగతులు. ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే పెట్టకండి, ఒంటి వేడి ఉండేలా గోరువెచ్చగా చేయండి. బిల్లీ ముక్కుతో తింటుంది, వాసన రాకపోతే అది దానికి తిండే కాదు. ఒక్కసారే నిండుగా కాకుండా నాలుగైదు సార్లు కొంచెం కొంచెం పెట్టండి. ఇష్టమైన తిండిలో చేదు మాత్ర దాచకండి, రేపటినుంచి ఆ తిండినీ నమ్మదు. జబర్దస్తీగా నోట్లో కుక్కడం అసలే వద్దు.

మన బావర్చీఖానా గురించి కూడా ఒక మాట. సాలన్‌లో ముక్క, బిర్యానీలో బోటీ కడిగి పెడితే ఏమవుతుందని అనుకుంటాం. ప్యాజ్, లసన్ బిల్లీ రక్తకణాలను పగలగొడతాయి, ఉడికినా, ఎండినా, పొడి అయినా. కడిగితే పోవు. బక్రీద్‌కు కలేజీ, ఎముకలు ప్రేమగా పెడతాం, అవి ఫాస్ఫరస్ మూటలు. ఏ మసాలా లేకుండా ఉడికించిన కోడి మాంసం, మెత్తటి చేప, ఇవి చాలు. అవి కూడా భూక్ లాక్కురావడానికే. రోజూ వాటితోనే నడపాలంటే డాక్టర్‌ను అడగాలి. ఒళ్లు వెచ్చగా ఉందని మన పారాసిటమాల్ మాత్ర మాత్రం ముక్క కూడా వేయకండి. బిల్లీకి అది జహర్.

ఇన్సులిన్ విషయంలో మన మెడికల్ షాపుల దగ్గర ఒక పెద్ద ప్రమాదం ఉంది. మన దగ్గర ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది, మిల్లీలీటర్‌కు 40 యూనిట్లది, 100 యూనిట్లది. సిరంజీలు కూడా దేనికదే. బిల్లీలకు తరచుగా రాసే గ్లార్జిన్ 100 యూనిట్లది. దాన్ని 40 సిరంజీతో తీస్తే ఒక యూనిట్ అనుకున్నది రెండున్నర యూనిట్లు అవుతుంది. మామూలుగా పూటకు ఒక యూనిట్‌తో మొదలుపెట్టే మూడు నాలుగు కిలోల జానుకు అది ఎంతో ఆలోచించండి. పైగా గుర్దాలు సరిగా లేని ఒంట్లోంచి ఇన్సులిన్ ఆలస్యంగా పోతుంది. సీసా మీద అంకె, సిరంజీ మీద అంకె ప్రతిసారీ కలిపి చూడండి. తినని పూట ఇన్సులిన్ ఎంత ఇవ్వాలి, అసలు ఇవ్వాలా వద్దా అన్నది ముందుగానే డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్‌కు అంటించండి. అర్ధరాత్రి దాన్ని వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు. తూలడం, వణకడం, నీరసంగా పడిపోవడం కనిపిస్తే చిగుళ్ల మీద కొంచెం షహద్ రాసి వెంటనే దవాఖానాకు పరుగెత్తండి. మనుషుల షుగర్ మీటర్‌తో చెవి అంచు నుంచి చుక్క తీసి చూడొచ్చు గానీ, బిల్లీల్లో అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది. ఇంకొకటి, బిల్లీ ఇన్సులిన్ 12 గంటల లెక్క. రమ్‌జాన్‌లో సహరీకి ఒకటి, ఇఫ్తార్‌కు ఒకటి అని పెట్టుకుంటే కుదరదు, అజాన్ వేళలు రోజూ జరుగుతాయి. దానికి గడియారమే ముఅజ్జిన్.

కొందరు ఇన్సులిన్ హలాలేనా అని అడుగుతారు. గ్లార్జిన్‌ను బాక్టీరియా సాయంతో ల్యాబ్‌లో తయారు చేస్తారు, పందితో సంబంధం లేదు. జంతువుల కోసం తయారయ్యే కానిన్సులిన్ మాత్రం పంది ఇన్సులినే. అది రాస్తే, ఇంకోటి కుదురుతుందా అని డాక్టర్‌ను అడగడంలో తప్పు లేదు.

ఇప్పుడు ఇస్రాఫ్ సవాల్. అవసరం లేని చోట పారబోయడాన్ని ఇస్రాఫ్ అంటారు. ఇంట్లో కట్టి ఉంచిన జానుకు తిండి, నీళ్లు ఇవ్వడం యజమాని జిమ్మేదారీ అని మన ఫిఖహ్ కితాబులు ఎప్పుడో రాశాయి. బిల్లీని బంధించి, తిండి పెట్టకుండా, బయట తిరిగి ఏరుకుతినడానికీ వదలకుండా చంపిన ఔరత్ జహన్నుమ్ పాలైన సంగతి బుఖారీ, ముస్లిం రెండిట్లోనూ ఉంది. ఆ హదీస్ మనకు చిన్నప్పుడే చెప్పారు. ఈ బిల్లీ కూడా అలాంటి బందీయే. గుమ్మం దాటనివ్వకుండా మనమే పెంచాం. వేటాడటం దానికి రాదు. ఇప్పుడు బీమార్ అయింది, మన దగ్గర తప్ప ఎక్కడ తింటుంది? (రసూలుల్లాహ్ బిల్లీ కోసం చొక్కా చెయ్యి కోసేశారన్న కథ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది హదీస్ కితాబుల్లో లేదు. ఉన్నవి చాలు, లేనివి కల్పించనక్కర్లేదు.)

జకాత్ పైసలు మాత్రం దీనికి ముట్టుకోకూడదు, వాటి హక్‌దారులు ఎవరో ఖురాన్‌లోనే ఉంది. ఇది మన జేబులోంచి పోవాలి. మా బడిలో ఫీజు కట్టలేని పిల్లల పక్కన కూర్చుని చదువుకున్నవాణ్ణి నేను, గరీబీ నాకు పేపర్లో చదివిన వార్త కాదు. కానీ ఇస్రాఫ్ మాట ఎత్తేవాళ్లలో చాలామంది షాదీ దావత్‌లో నాలుగు రకాల మీఠాలు పెట్టినప్పుడు ఎత్తరు. నిజంగా స్థోమత లేని ఇంటి మీద ఏ గునాహ్ లేదు. వాళ్ల కోసం చెప్పేది ఒకటే. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల్లో దవాఖానాలు ఉన్నాయి, ముందు అక్కడికి తీసుకెళ్లండి.

నన్ను అసలు బాధపెట్టేది వేరే. ఈ రెండు బీమారీలూ ఉన్న బిల్లీ పేషాబ్ ఆపుకోలేదు. ఒకరోజు జానమాజ్ తడిపేస్తుంది. దాంతో ఇల్లు నాపాక్ అయిందని గోనెసంచిలో వేసి గోష్త్ దుకాణాల దగ్గర వదిలేసి వస్తారు. "అక్కడ బాగా తింటుందిలే" అంటారు. తినదు. అబూ ఖతాదా తన కోడలు వజూకు పోసిన నీళ్ల గిన్నెను బిల్లీ తాగేందుకు వంచి, ఇది నజిస్ కాదు, మన మధ్య తిరుగుతుండేదే అని రసూలుల్లాహ్ (స) మాట వినిపించాడు. బిల్లీ పాక్, దాని పేషాబ్ నాపాక్. పేషాబ్ కడిగితే పోతుంది. జానమాజ్ మడిచి బీరువాలో పెట్టండి, ఇసుక పళ్లేలు రెండు చేయండి, ఒకటి అది పడుకునే చోటికి దగ్గరగా ఉంచండి. ఇంటి మగవాళ్లు పాకీ గురించి ఫత్వా ఇచ్చే ముందు ఆ పళ్లెం ఒక వారం కడిగి చూడాలి. సూది, గిన్నె, పళ్లెం అన్నీ ఔరతులు, ఆడపిల్లల చేతుల మీదే నడుస్తున్నాయి.

చివరికి దవా పనిచేయని రోజు వస్తుంది. గుర్దాల బీమారీ నయం అయ్యేది కాదు, నెమ్మదింపజేసేదే. బాధపడుతున్న జానును సూదితో నిద్రపుచ్చొచ్చా అన్నదానిపై ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఉంది. ఆ రోజు వస్తే మేం డాక్టర్‌నూ, మా మస్జిద్ ఇమామ్ సాబ్‌నూ ఇద్దరినీ అడుగుతాం. ఈలోగా వారానికోసారి నూరీని తూస్తున్నాం. పోయిన జుమా నుంచి తూకం తగ్గలేదు.