ఇంటిగుట్టు ఎవరి సొత్తు?

బ్రిటిషు ప్రభుత్వము 1898లో చేసిన తపాలా చట్టము ప్రజాక్షేమము పేర ఉత్తరములను నిలిపివేయు నధికారమును పాలకుల కొసంగెను. స్వరాజ్యోద్యమ దినములలో ఎందఱి యుత్తరములో పోలీసులచే విప్పి చదువబడెను. మన పెద్దలు దానిని ఆత్మగౌరవమునకు జరిగిన పరాభవముగ నెంచిరి. నేడో, ఆ పనికి పోలీసులతో నిమిత్తము లేదు. మన యుత్తరములను మనమే విప్పి వీధిగోడల కంటించుచున్నాము. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మున్నగు సామాజిక మాధ్యమములే యా గోడలు.

బిడ్డ పొత్తిళ్లలో నుండగనే వాని ఫొటో లోకమున కెక్కుచున్నది. ఆసుపత్రిలో శయ్యాగతుడైన వృద్ధుని ముఖము బంధువుల సెల్‌ఫోనుల ద్వారా ఊరెల్ల తిరుగుచున్నది. కుటుంబమంతయు కాశీయాత్రకు బోయినదను వార్త, ఇంటికి తాళము పడినదను సంగతిని దొంగలకును దెలుపుచున్నది. “మా సంగతి మేము చెప్పుకొనుచున్నాము, దీనివలన నొరుల కేమి నష్టము?” అని యడుగువారు గలరు. చిక్కంతయు ఈ ప్రశ్నయందే యున్నది. మనుష్యుని సంగతులలో కేవలము తనవే యగునవి మిక్కిలి స్వల్పము. ఇంటిగుట్టు లంకకు చేటను సామెత, గుట్టు విప్పినవాని నష్టమును గాక లంకకు వాటిల్లిన నష్టమునే చెప్పుచున్నది.

కేంబ్రిడ్జి ఎనలిటికా వ్యవహారము ఇందులకు నిదర్శనము. మనుష్యుల స్వభావమును పరీక్షించు ప్రశ్నావళి యొకటి ఫేస్‌బుక్‌లో వెలసెను. దానిని స్వీకరించినవారి వివరములతోపాటు వారి మిత్రుల వివరములును నిర్వాహకుల కందెను. అచ్చటినుండి యవి ఎన్నికల ప్రచారమునకు పనిచేయు నా సంస్థ పాలబడెను. 2018 ఏప్రిలులో ఫేస్‌బుక్ వారే వెల్లడించిన లెక్క ప్రకారము మన దేశమున ప్రశ్నావళిని స్వీకరించినవారు 335 మంది. వివరములు చేజారియుండవచ్చునని తేలినవారు 5,62,455 మంది. తక్కిన 5,62,120 మంది చేసిన నేరమేమి? దానిని స్వీకరించిన యెవరితోనో స్నేహము గలిగియుండుటయే! అమెరికా ప్రభుత్వము 2019లో ఫేస్‌బుక్ సంస్థకు 500 కోట్ల డాలర్ల జరిమానా విధించినది గాని, పోయిన గుట్టు తిరిగి రాలేదు. ఒక రైతు తన మడికి నీరు చాలదని చెరువుగట్టునకు గండికొట్టినచో, మునుగునది వాని మడి యొక్కటియే కాదు.

ఇట్లు చేజారిన వివరములతో నడచు వ్యాపారము సామాన్యమైనది కాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లు మూడింటికిని యజమానియైన మెటా సంస్థకు 2024లో వచ్చిన రాబడి 16,400 కోట్ల డాలర్లకు పైబడినది. అందు నూటికి 97 పాళ్లు ప్రకటనల మూలముననే వచ్చినది. ఎవరికేది యిష్టమో, ఎవరు దేనికి భయపడుదురో యెఱిగిన కొలది ప్రకటన విలువ పెరుగును. పొలము మనది, సేద్యము మనది, పంట మాత్రము వారిది.

చట్టము లేదా యని చదువరు లడుగవచ్చును. వ్యక్తి గోప్యత జీవించు హక్కులో నంతర్భాగమని 2017 ఆగస్టు 24వ తేదీన పుట్టస్వామి వ్యాజ్యమున సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురును ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి, ముఖ్యబాధ్యతలకు 18 నెలల గడువీయబడినది. తప్పుచేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల వఱకు జరిమానా గలదు. ఇది హర్షణీయమే. కాని వ్యక్తులు సొంతపనులకును గృహావసరములకును వాడుకొను సమాచారమునకు ఈ చట్టము వర్తింపదు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల వివరములు గైకొనుటకు సంస్థలు తలిదండ్రుల యనుమతి పొందవలెనని చట్టము శాసించుచున్నది. ఆ తలిదండ్రులే బిడ్డ ఫొటోను, పుట్టినదినమును, బడిపేరును లోకమునకు చాటిన నేమి చేయవలెను? ఇక కేంద్రప్రభుత్వము దేశభద్రత మున్నగు కారణములు చూపి తాను పేర్కొను శాఖలను చట్టమునుండి మినహాయింపవచ్చునట! కావలివానికే కంచె దాట సెలవిచ్చుట మా కెంతమాత్రము సమ్మతము కాదు.

ఈ మాధ్యమములను త్యజింపుడని మేము చెప్పుటలేదు. అమెరికాలోని కుమారుని ముఖమును తల్లికి దినదినము చూపుచున్నవివి. లంచగొండి యధికారి చర్యను బయటపెట్టుటకును ఇవి సాధనములు. అధికారస్థానమున నున్నవాని నడత ప్రజల సొత్తు, దానిని బహిరంగపఱచుట ధర్మము. పొరుగింటి పిల్ల పెండ్లిమాటలు, బంధువు రోగము, మిత్రుని యప్పు ప్రజల సొత్తు కావు. ఈ భేదమును పాటింపని సంఘమున గోప్యతయు నిలువదు, విమర్శయు నిలువదు.

కావున మేము కోరునవి రెండు. ఒకరి సమ్మతి మఱియొకరి సమ్మతి కాజాలదని శాసనము స్పష్టపఱచవలెను. ఒకని ఫోనులోని పేర్ల పట్టికను గైకొని, ఆ మాధ్యమమునే యెఱుగనివారి వివరములను కూడబెట్టు పద్ధతి నిషేధింపబడవలెను. ఇది ప్రభుత్వము చేయవలసిన పని. ఇతరుల ఫొటోనైనను సంగతినైనను ప్రకటించుటకు ముందు వారి నడుగుట, అడిగిన నుత్తరమీయలేని పసివారి విషయమున మానుకొనుట మనము చేయవలసిన పని. ఈ రెండవ దానికి ఏ శాసనసభ తీర్మానమును అక్కఱలేదు. ప్రతిగృహమునను ఈ దినమే యది యారంభము కావచ్చును.