సౌష్ఠవరేఖ: పదమును, భావమును

పాఠశాల గణితమున "సౌష్ఠవరేఖ" యను పారిభాషిక పదము స్థిరపడినది. ఒక ఆకృతిని ఏ సరళరేఖ వెంబడి మడచినచో రెండు భాగములును ఒకదానిపై నొకటి సరిగా నొదుగునో, అదియే ఆ ఆకృతికి సౌష్ఠవరేఖ. ఈ నిర్వచనమున సందిగ్ధత లేదు. చిక్కంతయు పదమునందే కలదు.

"సుష్ఠు" అనగా చక్కగా అని యర్థము. దానినుండి యేర్పడిన సౌష్ఠవము చక్కదనమును, పొందికను తెలుపును. అంగసౌష్ఠవ మన్నప్పుడు తెలుగువారి మనస్సున మెదలునది అందమే కాని అద్దము కాదు. కనుక కంటి కింపైన ప్రతి యాకృతికిని సౌష్ఠవరేఖ యుండునని విద్యార్థి భ్రమపడుటకు అవకాశము కలదు. ఇందుకు స్వస్తిక ముగ్గు దృష్టాంతము. దానిని పావుచుట్టు త్రిప్పినచో మరల తన రూపమునే పొందును. కాని ఏ గీత వెంబడి మడచినను ఒక భాగపు కొసలు రెండవ భాగపు కొసలకు ఎదురు దిక్కున వంగియుండును. అందు భ్రమణసౌష్ఠవము కలదు. సౌష్ఠవరేఖ యొక్కటియు లేదు.

హిందీ, మరాఠీ భాషలలోని "సమమితి" వేరొక దారి పట్టించును. సమమైన కొలత యని దాని యవయవార్థము. గ్రీకు మూలపదమునకు ఇది సన్నిహితమే. అయితే కొలతలు సరిపోయిన చాలునను తలంపు దీర్ఘచతురస్రము కడ నిలువదు. దాని కర్ణము ఆకృతిని రెండు సర్వసమాన త్రిభుజములుగా విభజించును. అయినను కర్ణము వెంబడి మడచిన కాగితపు టంచులు కలియవు. ఎదురు భుజముల మధ్యబిందువులను కలుపు 2 రేఖలు మాత్రమే దానికి సౌష్ఠవరేఖలు. చతురస్రమునకు కర్ణములతో కూడ 4 కలవు. సాధారణ సమాంతర చతుర్భుజమునకు ఒక్కటియు లేదు.

వంగభాషలోని "ప్రతిసామ్యము" ఈ రెంటికంటె రేఖాభావమునకు చేరువైనది. "ప్రతి" యను ఉపసర్గ ప్రతిబింబమును స్ఫురింపజేయును. కాని ఆ కారణముచేతనే అది భ్రమణమునకు అంతగా నొప్పదు. ఏ పదమును నిర్దోషము కాదు.

కావున తెలుగు పదమును మార్చ నక్కరలేదు. జీవశాస్త్రమునందలి ద్విపార్శ్వసౌష్ఠవము మొదలగు సమాసములు దానిపైననే నిలిచియున్నవి. పాఠ్యరచయితలు చేయవలసినవి రెండు కలవు. క్రింది తరగతులలో "మడతగీత" యను తేటమాటతో నారంభించి, బాలురచే కాగితమును మడపించి, పిదపనే సౌష్ఠవరేఖను పరిచయము చేయవలెను. పై తరగతులలో ప్రతిబింబము, భ్రమణము అను విశేషణములలో నొకటి లేకుండ సౌష్ఠవశబ్దమును వాడరాదు.

పరిభాషా నిర్మాణమున పదమును ఎన్నుకొనుటతో పని ముగియదు. విద్యార్థి ఆ పదముతో పాటు ఇంటినుండి ఏ యర్థమును వెంట తెచ్చుకొనుచున్నాడో కూడ విచారింపవలెను. ఆ విచారణ గణితాచార్యులకు మాత్రమే విడువదగినది కాదు. అది భాషాపండితుల బాధ్యతయు నగును.