ఆటకు ముందు ఇరవై నిమిషాలు

కంచరపాలెంలో కాస్త ఖాళీ జాగా దొరికితే చాలు, పిల్లలు ఆట మొదలుపెడతారు. రైల్వే, పోర్టు, ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలకు ఆటే వినోదం. పల్లెల నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకుని పోలీసు, సైన్యం ఉద్యోగాల కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే యువకులకు అదే బతుకుదెరువు. భీమిలి, ఆనందపురం, పద్మనాభం మండలాల్లో సంక్రాంతి వస్తే కబడ్డీ పోటీలు లేని పండగ అరుదు. ఇంతమంది ఆడుతున్నారు, సంతోషమే. కానీ మోకాలు పట్టేసిందని, చీలమండ బెణికిందని పాతికేళ్లు నిండకుండానే ఆట మానేసినవారు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. తలరాత అని సరిపెట్టుకోవడం అందరికీ అలవాటయిపోయింది.

అది తలరాత కాదు. చాలావరకు తప్పించుకోదగిన నష్టం.

విశాఖ పోర్టు ఉన్నత పాఠశాలలో చదివిన యర్రాజి జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023లోనూ, 2025లోనూ ఆసియా విజేత. 2025లోనే సాధన చేస్తుండగా ఆమె మోకాలి లిగమెంటు తెగింది. శస్త్రచికిత్స జరిగింది. ఆ సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలకు ఆమె వెళ్లలేకపోయింది. అంతకు ముందు పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలు దెబ్బతింది. ఒకటికి మించి శస్త్రచికిత్సలు చేయించుకుని, ఓపికగా వ్యాయామాలు చేసి, 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. పెద్ద క్రీడాకారులకు డాక్టరు, ఫిజియోథెరపిస్టు పక్కనే ఉంటారు. పల్లె కబడ్డీ కుర్రాడి పక్కన ఎవరుంటారు? అందుకే దెబ్బ తగలకుండా చూసుకోవడం పేదవాడికే ఎక్కువ అవసరం.

దెబ్బలు ఎలా తగులుతాయి?

మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ పట్టి ఉంచే ఒక బలమైన పట్టీ ఉంటుంది. అదే లిగమెంటు. ఎవరో గుద్దితేనే అది తెగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలా సందర్భాల్లో ఎవరూ తాకకుండానే తెగుతుంది. ఎగిరి దూకినప్పుడు మోకాలు లోపలికి వంగినా, వేగంగా పోతూ ఒక్కసారి పక్కకు తిరిగినా ముప్పే. ఆడపిల్లలకు ఈ ముప్పు మగపిల్లల కంటే ఎక్కువని పరిశోధనలు తేల్చాయి. అంటే దూకడం, తిరగడం సరిగా నేర్పితే ప్రమాదం తగ్గాలి.

తగ్గింది కూడా. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ బాలికలు 1,892 మంది మీద జరిపిన పరిశోధన 2008లో వెలువడింది. ఆటకు ముందు సుమారు ఇరవై నిమిషాలు ఒక పద్ధతిగా వ్యాయామం చేసిన జట్లలో దెబ్బలు మొత్తం మీద మూడో వంతు, తీవ్రమైనవి దాదాపు సగం తగ్గాయి. ఆ పద్ధతికి ఫిఫా 11 ప్లస్ అని పేరు. అందులో వింత ఏమీ లేదు. నెమ్మదిగా పరుగు, ఒంటికాలి మీద నిలకడ, గుంజీళ్లు, ఎగిరి మోకాళ్లు వంచి మెత్తగా దిగడం, మోచేతుల మీద ఒళ్లు నిలపడం, ఒకరు చీలమండలు పట్టుకుంటే మరొకరు మోకాళ్ల మీద నుంచి మెల్లగా ముందుకు వాలడం. దీనికి యంత్రాలు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

తాతలు ఇవన్నీ చేశారా అని అడిగేవారుంటారు. చేశారు. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీయకుండా ఎవరినీ కుస్తీకి దింపేవారు కాదు. వీరఘట్టంలో పుట్టి లోకమంతా పేరు మోసిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసినవారే. నేటి కుర్రాళ్లు సెల్‌ఫోన్ జేబులోంచి తీసి పక్కన పెట్టి నేరుగా బరిలోకి దిగుతున్నారు. మనవాళ్లు వదిలేసిన క్రమశిక్షణను పరిశోధకులు లెక్కలు కట్టి తిరిగి చెబుతున్నారు, అంతే.

పరుగు సాధన చేసేవారి కష్టం వేరు. నోటిఫికేషన్ వచ్చేదాకా ఊరుకుని, వచ్చాక తారు రోడ్డు మీద రోజూ గంటల తరబడి పరుగెత్తుతారు. గట్టిపడేందుకు వ్యవధి లేక ముంగాలి ఎముకలో సన్నని చీలిక వస్తుంది. సైన్యంలో కొత్తగా చేరినవారిలో ఇది తరచు కనిపించే గాయం. పరుగును వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. మధ్యలో విశ్రాంతి రోజు ఉండాలి. ఎముక మీద ఒకేచోట నొక్కితే నొప్పి పుడుతుంటే పళ్లు బిగించి పరుగెత్తడం తెలివితక్కువ. ఒక్క నెల ఆగనివాడు ఉద్యోగమే పోగొట్టుకోవచ్చు.

దెబ్బ తగిలాక ఏం చేయాలి?

తగిలిన వెంటనే నూనె రాసి గట్టిగా మర్దన చేయడం, కాలు పట్టి లాగడం మన ఊళ్లలో మామూలు. తాజా దెబ్బ మీద ఇది హాని చేస్తుంది. చీలమండ బెణికితే ఎముక మీద నొక్కి చూడాలి. నాలుగు అడుగులు వేయలేకపోయినా, ఎముక మీదే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. మోకాలిలో ఫట్‌మని చప్పుడై కొద్ది గంటల్లోనే వాస్తే లిగమెంటు డాక్టరుకు చూపించాలి. పుత్తూరు కట్టు మీద ప్రజలకు తరతరాల నమ్మకముంది. ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయనక్కర్లేదు. అయితే కట్టు ఎవరు కట్టినా వేళ్లు చల్లబడి, నీలమై, తిమ్మిరెక్కితే క్షణం ఆలస్యం చేయకుండా కట్టు వదులు చేసి ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆలస్యమైతే కాలే పోవచ్చు.

శస్త్రచికిత్స చేయించే స్తోమత లేదని దిగులుపడేవారికి ఒక మాట. స్వీడన్‌లో లిగమెంటు తెగిన 121 మంది మీద జరిపిన పరిశోధన 2010లో వచ్చింది. కొందరికి వెంటనే శస్త్రచికిత్స చేశారు. మిగతావారికి ముందు వ్యాయామం చేయించి, అవసరమైతేనే చేశారు. రెండేళ్ల తర్వాత మోకాలి బాగోగుల్లో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎవరికి ఏది తగునో డాక్టరే తేల్చాలి. కానీ వ్యాయామం మాత్రం ఇద్దరికీ తప్పదు. శస్త్రచికిత్స అయినవారు తొందరపడి బరిలోకి దిగరాదు. తొమ్మిది నెలల వరకు ఆగిన ప్రతి నెలకూ మళ్లీ దెబ్బ తగిలే ముప్పు సుమారు సగం తగ్గుతుందని 2016 నాటి పరిశోధన తేల్చింది.

ఇక్కడే ప్రభుత్వం బాధ్యత వస్తుంది. ఈ వ్యాయామాలు నెలల తరబడి చేయించాలి. ఆనందపురం కూలీ కొడుకు వారానికి రెండుసార్లు కె.జి.హెచ్.కు రావాలంటే బస్సు ఖర్చుతో పాటు తండ్రి కూలి కూడా పోతుంది. మూడో వారానికే మానేస్తాడు. కాలు కుంటిదై మిగిలిపోతుంది. మండలానికి వారంలో ఒకరోజు ఫిజియోథెరపిస్టును పంపితే ఈ కష్టం తీరుతుంది. వ్యాయామోపాధ్యాయులకు ఈ ఇరవై నిమిషాల పద్ధతి నేర్పాలి. పాఠశాల ఆటల పీరియడు అక్కడి నుంచే మొదలుకావాలి.

పోటీలు జరిపే ఊరి పెద్దలు కూడా ఒక నియమం పెట్టాలి. సన్నాహం చేయని జట్టును బరిలోకి దింపరాదు. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినవాడిని ఆ రోజు మళ్లీ ఆడించరాదు. షీల్డులకూ మైకులకూ చందాలు వసూలు చేసే ఊళ్లకు ఒక మంచుపెట్టె, నాలుగు కట్టు గుడ్డలు, ఆస్పత్రికి తీసుకుపోయే బండి సిద్ధంగా ఉంచడం భారం కాదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. వచ్చే సంక్రాంతికి ముందే ప్రతి ఊరిలోనూ ఈ ఇరవై నిమిషాలు అలవాటు కావాలి.