కలుపు మందు పత్తి మన చేలోకి ఎందుకు వద్దంటున్నానంటే

పై వీడియోలో రెండు ముక్కలే చెప్పాను, మిగతాది ఇక్కడ రాస్తున్నా.

బీజీ-3 పేరుతో బిల్లు లేకుండా తిరిగే పత్తి విత్తనానికి మన దేశంలో అనుమతి లేదు. కలుపుకి కూలీలు దొరక్క మా పొదిలి వైపు కూడా ఆశపడేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ గ్లైఫోసేట్ ఏం చేస్తుందో చూడండి.

మొక్కలో ఈపీఎస్‌పీఎస్ అనే ఎంజైము ఉంటుంది. రెండు చిప్పల్ని మడత బందుతో కలిపినట్టు దాని ఆకారం. ఒక ముడిసరుకు వచ్చి కూర్చోగానే చిప్పలు దగ్గరికి మూసుకుంటాయి. రెండో సరుకు కూర్చోవాల్సిన చోట గ్లైఫోసేట్ దూరుతుంది. ఇక ఫెనైల్ అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ తయారవ్వవు, మొక్క ఎండిపోతుంది. ఈ పత్తిలో పెట్టింది అగ్రోబాక్టీరియం అనే మట్టి బాక్టీరియా జన్యువు. దాని ఎంజైములో ఒక్కచోట గ్లైసిన్ బదులు అలనిన్ ఉండటంతో మందు సరిగా ఇమడదు. అంతే కిటుకు.

మనుషుల్లో ఈ ఎంజైము లేదు, భయం లేదంటారు అమ్మేవాళ్లు. లేదన్నది నిజమే. (అంతమాత్రాన మందు మంచినీళ్లయిపోదు!) మట్టిలోని బాక్టీరియాకి, శిలీంధ్రాలకి మాత్రం ఉంది. కొన్ని తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోలేవు. ఒక చేత్తో జీవామృతం పోసి రెండో చేత్తో ఇది కొట్టడం ఏం సేద్యమో నాకైతే అర్థం కాదు.

పైగా సాళ్ల మధ్య కంది, అలసంద, గట్టున ఆముదం... వాటికి ఆ జన్యువు లేదు కదా. మందు పడితే కలుపుతో పాటే పోతాయి. అంతర పంట వేసే రైతుకి ఈ విత్తనం ఎందుకండీ?

గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం ఆదేశం కూడా ఇచ్చింది. నేను మాత్రం గుంటకే తోలుతున్నా. రెండు వైపులా ఎలా తోలాలో వచ్చే వీడియోలో చూపిస్తా.