ఇష్టం వేరు, లెక్క వేరు

మొన్న సంక్రాంతికి మా పెద్దమ్మ కూతురూ, బావగారూ మెల్‌బోర్న్ నుంచి వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులున్నారు. రెండోరోజు రాత్రి భోజనాలయ్యాక బావగారు లేచి, పంచె ఎగ్గట్టి, సింకు దగ్గరకెళ్ళి గిన్నెలు తోమడం మొదలెట్టారు. మా శ్రీవారు చేతిలో పేపరు అలాగే పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నారు.

నేను కంగారుగా, "అయ్యో, మీరెందుకు బావగారూ? పొద్దున్నే పనమ్మాయి వస్తుందిగా" అన్నాను.

ఆయన వెనక్కి తిరక్కుండానే, "రాత్రి గిన్నెలు నా వంతు మరదలా! న్యూజీలాండ్‌లో నేర్చుకున్నాను" అన్నారు.

గిన్నెలు తోమడం నేర్చుకోడానికి న్యూజీలాండ్ దాకా వెళ్ళాలా అని మీకు నవ్వొస్తుంది కదూ? నాకూ వచ్చింది. కానీ ఆ రాత్రి అక్కయ్య చెప్పిన కబుర్లు విన్నాక నవ్వు ఆగి ఆలోచన మొదలైంది. అందుకే ఈ వారం మీతో ఆ సంగతే.

అక్కావాళ్ళు ఆస్ట్రేలియాలో చాలా ఏళ్ళుగా ఉంటున్నారు, అక్కడి పౌరసత్వం కూడా వచ్చింది. బావగారు రిటైరయ్యారు, పిల్లలు ఎవరిళ్ళు వాళ్ళు చూసుకుంటున్నారు. 2023లో ఇద్దరూ ఎనిమిది నెలలు న్యూజీలాండ్ అంతా తిరిగొచ్చారు. ఎనిమిది నెలలంటే హోటలు ఖర్చే తడిసి మోపెడవుతుంది. వీళ్ళు మాత్రం ఒక్క రాత్రికి కూడా గది అద్దె కట్టలేదట! ఎవరింట్లోనో పొలంలోనో రోజుకి కొన్ని గంటలు పనిచెయ్యడం, వాళ్ళు పెట్టింది తినడం, వాళ్ళిచ్చిన గదిలో పడుకోవడం. మిగిలిన వేళంతా ఊరు చూడ్డం. నాలుగైదు వారాలయ్యాక ఇంకో ఊరు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1971లో స్యూ కొప్పార్డ్ అని లండన్‌లో సెక్రటరీగా పనిచేసే ఒకావిడకి, వారాంతాల్లోనైనా పల్లెగాలి పీల్చాలని మనసైంది. ససెక్స్‌లో రసాయన ఎరువులు వెయ్యని ఒక పొలంవాళ్ళతో మాట్లాడి, శని ఆదివారాలు వచ్చి పనిచేసేటట్టు ఏర్పాటు చేసింది. ఆ చిన్న ఏర్పాటే 'వూఫ్' అనే పేరుతో దేశదేశాలకీ పాకింది. మన దేశంలోనూ ఉంది. 2002లో మొదలైన 'వర్క్‌అవే' లాంటివి ఇదే పద్ధతిని పొలాల నుంచి ఇళ్ళకీ, చిన్న చిన్న బసలకీ తెచ్చాయి. సభ్యత్వ రుసుము కడితే ఎవరింట్లో ఏ పని ఉందో, ఇదివరకు అక్కడ ఉండివచ్చినవాళ్ళు ఏమన్నారో చదువుకుని ఎంచుకోవచ్చు. జీతం ఉండదు.

గంటలకి మాత్రం లెక్కుంది. వూఫ్‌లో మామూలుగా రోజుకి 4 నుంచి 6 గంటలు. వర్క్‌అవే వాళ్ళు సూచించేది రోజుకి 5 గంటలు, వారానికి 5 రోజులు. మిగతా రెండు రోజులూ సెలవు.

"నెల్సన్ ఊరి దగ్గర మొదటి ఇంట్లో కూరగాయల తోట పని. కలుపు తియ్యడం, నారు నాటడం, బావగారు చలికాలానికి కట్టెలు పేర్చడం. మొదటి రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ ఇంటావిడ వచ్చి, ఇవాళ్టికి చాలు, ఇంక వెళ్ళి సముద్రం చూసి రండి అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయే! పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇవాళ్టికి చాలు అన్నమాట నాతో ఎవరైనా అన్నారా?" అంది అక్కయ్య.

మనలో ఎంతమందితో అన్నారు చెప్పండి?

ఆ ఇంట్లో వంతుల చీటీ ఫ్రిజ్ మీద అంటించి ఉండేదట. వంట ఒకరు, అంట్లు ఒకరు, కోళ్ళకి మేత ఒకరు. ఆడా మగా తేడా లేదు. బావగారి పేరు అంట్లకి ఎదురుగా పడింది. చుట్టూ కొత్తవాళ్ళు, కాదనడానికి లేదు! అలా మొదలైంది ఆయన విద్యాభ్యాసం.

అసలు కథ రెండో ఇంట్లో జరిగింది. అది ఫెజోవా తోట. ఫెజోవా అంటే గుడ్డు ఆకారంలో ఉండే ఆకుపచ్చ పండు. మన జామకి దూరపు చుట్టం, ఘుమఘుమలాడే వాసన. అక్కడి శరదృతువులో, అంటే ఏప్రిల్, మే నెలల్లో, పండినవి వాటంతటవే నేలమీద రాలుతుంటే ఏరుకోవాలి. గుట్టలు గుట్టలుగా వస్తాయట. మన ఇల్లాలు ఊరుకుంటుందా? గుజ్జు తీసి, ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి వేయించి పొడికొట్టి, వెల్లుల్లి తాలింపుతో పచ్చడి పెట్టింది. పులుపూ తీపీ కలిసిన పండు కదా, ఆ కారానికి అద్భుతంగా కుదిరిందట. ఇంటివాళ్ళు లొట్టలేసుకుని తిన్నారు. మర్నాడు పప్పు, ఆ మర్నాడు పులిహోర.

వారం తిరిగేసరికి అక్కయ్య తోట మొహం చూడ్డం మానేసింది. ఎనిమిది మందికి పొద్దుట టిఫిను, మధ్యాహ్నం భోజనం, రాత్రి వంట. మధ్యలో పచ్చళ్ళ సీసాలు. బావగారేమో నాలుగైదు గంటలు పండ్లేరి, స్నానం చేసి, పుస్తకం పట్టుకుని ఎండలో కూర్చునేవారు.

"ఆ ఇంటావిడ చెయ్యమందా?" అని అడిగాను.

"లేదే! బాగుంది, బాగుంది అంటుంటే నేనే పూసుకుని చేసుకుంటూపోయాను. ఓరోజు మాత్రం కాళ్ళు పీకి మంచం మీద కూలబడ్డాను. మీ బావగారు నోట్‌బుక్కులో ఇద్దరి గంటలూ రాసే అలవాటు చేసుకున్నారు. ఆ వారం ఆయనవి 24, నావి 58!"

ఆ అంకె చూసి బావగారే ముందు సిగ్గుపడ్డారట. ఇద్దరూ కలిసి ఇంటావిడకి ఆ నోట్‌బుక్కు చూపించారు. ఆవిడ నిర్ఘాంతపోయి, "నువ్వు ఇష్టంగా చేస్తున్నావనుకున్నాను, ముందే చెప్పొద్దా?" అంది. దానికి అక్కయ్య తన వచ్చీరాని ఇంగ్లీషులో ఏమందో తెలుసా? "ఇష్టమే. కానీ ఇష్టం వేరు, లెక్క వేరు" అంది.

మర్నాటి నుంచి రోజుకి ఒక్కపూట వంట, అదీ బావగారు కూరగాయలు తరిగి, అంట్లు తోమితేనే. రెండు రోజులు సెలవు. ఆ సెలవుల్లోనే అక్కయ్య అబెల్ టాస్మన్ జాతీయ వనంలో సముద్రం వెంబడి రోజంతా నడిచి వచ్చింది. ఇంటికి తిరిగొచ్చాక కూడా బావగారు ఆ రాత్రి అంట్ల వంతు వదల్లేదు.

మీలో ఎవరికైనా ఇలా వెళ్ళాలని సరదా పుడితే కొన్ని జాగ్రత్తలు అవసరం. అన్నిటికన్నా ముందు వీసా. జీతం లేదు కదా, టూరిస్టు వీసా చాలులే అనుకోకండి. న్యూజీలాండ్‌లో తిండీ బసా పుచ్చుకుని చేసినా దాన్ని ఉద్యోగం కిందే లెక్కిస్తారు. అక్కావాళ్ళది ఆస్ట్రేలియా పౌరసత్వం కాబట్టి అక్కడ పనిచేసుకునే హక్కు ఉంది. మన భారత పాస్‌పోర్టుతో అలా కుదరదు. 2025లో ఒక బ్రిటిష్ అమ్మాయి అమెరికాలో ఇలాగే ఇంటిపనులు చేసి బస పొందితే, అధికారులు దాదాపు మూడు వారాలు నిర్బంధంలో ఉంచి వెనక్కి పంపారు. ఆస్ట్రేలియా మాత్రం 2024 నుంచి, 18 నుంచి 30 ఏళ్ళ లోపు భారతీయులకి లాటరీ పద్ధతిలో ఏడాదికి వెయ్యిమందికి పనీ పర్యటనా కలిసిన వీసా ఇస్తోంది. మన వయసువాళ్ళకి మన దేశంలోని పొలాలే మేలు.

రెండోది, బయల్దేరే ముందే ఉత్తరంలో అన్నీ రాయించుకోవాలి. ఎన్ని గంటలు, ఏం పని, సెలవు ఎప్పుడు, శాకాహారం కుదురుతుందా, గది ఎవరితోనైనా పంచుకోవాలా, బస్సు ఎంత దూరం... ఏదీ మొహమాటపడకుండా అడగండి. ఆరోగ్య బీమా, నచ్చకపోతే ఆ రోజే బయటికొచ్చి వేరేచోట ఉండడానికి కొంత డబ్బు దగ్గరుండాలి. ఇక పచ్చళ్ళూ పొళ్ళూ సర్దేవాళ్ళకి ఒక మాట. న్యూజీలాండ్‌లో దిగేటప్పుడు తినే వస్తువు ఏదున్నా డిక్లరేషన్‌లో చూపించాల్సిందే. దాచి దొరికితే 400 డాలర్ల జరిమానా.

అక్కయ్య వెళ్ళిపోయాక నాకొకటి తోచింది. అమ్మాయి పురిటికని, మనవల కోసమని ఆర్నెల్లు అమెరికా వెళ్ళే మన అమ్మలు చేసేదీ ఇలాంటి పనే కదూ! పొద్దున ఉప్మా నుంచి రాత్రి పాలసీసా దాకా. కన్నకూతురి దగ్గర లెక్కేమిటి అంటారు. నిజమే, అమ్మ ప్రేమకి లెక్కలేదు. కానీ అమ్మ మోకాళ్ళకి ఉంది. వారానికి ఒక్కరోజు, "అమ్మా, ఇవాళ్టికి చాలు, పద, సముద్రం చూసొద్దాం" అంటే ఆ తల్లికి అదే అమెరికా.

అన్నట్టు మా ఇంటి సంగతి చెప్పలేదు కదూ! అక్కావాళ్ళని రైలెక్కించి వచ్చిన రాత్రి భోజనాలయ్యాక, మా శ్రీవారు పేపరు మడిచి పక్కన పెట్టి, కాసేపు అటూ ఇటూ చూసి, "ఇంతకీ ఆ పీచు ఎక్కడుంటుంది?" అన్నారు.

చూపించాను.