పెరట్లో మంచె



వేసవి సెలవులు వచ్చాయంటే మా పిల్లల కాళ్లు నేల మీద నిలవవు. మూడేళ్ల క్రితం మా పెద్దవాడు మునగచెట్టెక్కాడు. కొమ్మ విరిగింది. ఆరు వారాలు చేతికి కట్టు. మునగ కొమ్మ ఎంత పెళుసో మాకు తెలియనిది కాదు. అయినా 'చెట్టెక్కితే కాళ్లు విరగ్గొడతాం' అని రోజూ బెదిరించడం తప్ప మేము చేసిందేమీ లేదు. కట్టు విప్పిన వారానికే వాడు జామచెట్టు మీద కనిపించాడు.

ఇక మానిపించడం మా వల్ల కాదనుకుని, ఎక్కదగిన చోటు మేమే కట్టి ఇవ్వాలని నిశ్చయించుకున్నాం. వడ్రంగి చెప్పిన కూలి విని గుండె జారింది. అప్పుడు జొన్నచేల కాపలాకు మా పెద్దలు కట్టుకునే మంచె గుర్తుకు వచ్చింది. దానికి వడ్రంగి ఎందుకు?

పెరట్లోని వేపచెట్టు నీడను ఎంచుకున్నాం. కరెంటు తీగ దానికి దూరం. బరువు చెట్టు మీద పెట్టకుండా నాలుగు సర్వి కర్రలు రెండడుగుల లోతున పాతాము. పాతే భాగానికి చెదలు పట్టకుండా తారు పూశాం. అడ్డకర్రలకు బోల్టులు వేసి, వాటి మీద నాయనమ్మగారి పాత నులక మంచం బిగించాం. కోళ్ల కింది భాగం రంపంతో కోస్తుంటే ఆవిడ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. అది ఆవిడ కాపురానికి వచ్చినప్పటి మంచం మరి.

నులక తీసి వెదురు బద్దలు పరిచాం. పచ్చి వెదురును మూడు నాలుగు వారాలు చెరువులో నానవేస్తే అందులోని పిండి పదార్థం చాలావరకు నీటిలోకి పోతుంది, పురుగు అంతగా పట్టదు. మూడు వైపులా పిల్లల రొమ్ము ఎత్తున వెదురు కంచె, నాలుగో వైపు నిచ్చెన. ఎత్తు నాలుగడుగులే. 'ఇంతేనా!' అని పెద్దవాడు మూతి ముడిచాడు. కింద రాళ్లు ఏరి జానెడు మందాన ఇసుక పోశాం. ఉరుము వినబడితే దిగి ఇంట్లోకి రావాలన్నది షరతు. మొత్తం ఖర్చు రెండు వేలు దాటలేదు.

ఒక పొరపాటు చేశాం. ఊగకుండా ఉంటుందని మంచెను ఇనుప తీగతో వేప మానుకు చుట్టి బిగించాం. ఏడాది తిరిగేసరికి చెట్టు లావెక్కి తీగ బెరడులోకి దిగింది. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు చేరేది బెరడు లోపలి పొర గుండానే. మాను చుట్టూ అది తెగితే చెట్టు మెల్లగా చస్తుంది. జాగ్రత్తగా తీగ కోసి తీసేశాం. మచ్చ ఇప్పటికీ ఉంది. ఊపు ఆగడానికి కర్రల మధ్య ఏటవాలుగా రెండు వెదుళ్లు కడితే చాలని అప్పుడు తెలిసింది! కొబ్బరి తాడు కూడా వానలకు కుళ్లుతుంది. ఏటా జూన్‌కు ముందు మార్చుతున్నాం.

'ఆడపిల్లకు మంచెలెందుకమ్మా?' అని నాయనమ్మగారు మొదట గొణిగారు. ఇప్పుడు చిన్నది పుస్తకం పట్టుకుని సాయంత్రమంతా అక్కడే. మొన్న ఒకరోజు ఆవిడే నిచ్చెన దగ్గరకు వచ్చి, 'నా మంచం ఎలా ఉందో చూడనివ్వండర్రా' అన్నారు. వద్దంటే వినలేదు. ఎక్కి, గాలి బాగుందని చీకటి పడేదాకా కూర్చున్నారు. దింపడానికి మేమిద్దరం పట్టుకోవలసి వచ్చింది.