యాప్‌లో నేర్చిన జర్మన్ ఫోన్‌లో ఎందుకు పలకదు?

జర్మనీలో ఆఫీసు పని ఇంగ్లిష్‌తో, ఇంటి పని తెలుగుతో నడిచిపోతుందని మనవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి జర్మన్ జోలికి పోరు. నేనూ అంతే. కానీ నిబంధనలు చూస్తే భాష విలువ తెలుస్తుంది. మిగతా షరతులతో పాటు ఏ1 స్థాయి జర్మన్ ఉంటే బ్లూకార్డుపై ఉన్నవారు 27 నెలలకు శాశ్వత నివాసానికి అర్హులు. బీ1 ఉంటే 21 నెలలు చాలు. 2024 జూన్ నుంచి పౌరసత్వానికి నివాస గడువు ఎనిమిదేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గినా, బీ1 షరతు మాత్రం పోలేదు.

దాంతో నేను ఫోన్‌లో యాప్ వేసుకుని, ఒక్క రోజూ మానకుండా పది నిమిషాలు చేశాను. ఓ రోజు బడి నుంచి ఫోన్ వచ్చింది. టీచర్ మాట ఒక్క ముక్కా అర్థం కాలేదు. మూడో తరగతి చదివే మా అబ్బాయికే ఫోన్ ఇచ్చాను. వాడి మీద ఫిర్యాదును వాడే నాకు తెలుగులో చెప్పాడు. ఎంత చెప్పాడో, ఎంత మింగాడో ఇప్పటికీ తెలియదు!

తప్పెక్కడ? లెక్క చూద్దాం. బీ1 లక్ష్యంగా ప్రభుత్వం నడిపే ఇంటిగ్రేషన్ కోర్సులో భాషకు సాధారణంగా 600 పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. అంటే 450 గంటలు. రోజుకు పది నిమిషాల చొప్పున అన్ని గంటలు పూర్తి కావాలంటే ఏడేళ్లు దాటుతుంది. పైగా యాప్ మన జవాబు కోసం ఆగుతుంది, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమంటుంది. మనిషి ఆగడు. యాప్ 'గూటెన్ టాగ్' నేర్పుతుంది. మ్యూనిక్ బేకరీలో 'గ్రూస్ గాట్' అని పలకరిస్తారు.

ఆన్‌లైన్ పనికిరాదని కాదు. డాయిష్ వెల్లె వారి 'నికోస్ వేగ్' వీడియో పాఠాలు ఏ1 నుంచి బీ1 దాకా ఉచితం. వ్యాకరణం అక్కడ నేర్చుకుని, మాట మాత్రం మనిషితోనే కలపాలి. ఇంగ్లిష్ నేర్చుకోవాలనుకునే జర్మన్ ఒకరితో వారానికి రెండుసార్లు వీడియో కాల్ పెట్టుకోండి: అరగంట వారి భాష, అరగంట ఇంగ్లిష్. గోథే బీ1 మౌఖిక పరీక్షలోనూ సాధారణంగా ఇద్దరు అభ్యర్థులు మాట్లాడుకుని ఒక పని ప్లాన్ చేయాలి.

ఇంకో మాట. ఉద్యోగం చేసేవారికి కంపెనీ క్లాసులైనా దొరకవచ్చు. డాక్టరుకు, బడికి ఫోన్ చేయాల్సింది తరచూ ఇంట్లో ఉండే భార్యో, భర్తో. లైవ్ క్లాసుకు డబ్బు కట్టేటప్పుడు ముందు వారి పేరు రాయండి. ఆ గంటసేపు పిల్లల్ని మనం చూసుకుందాం.